అమ్ముగూడ కుర్రాడు బలరాం

(పర్లాకిమిడిలో పిల్లల ఫుట్‌బాల్ పోటీలు ముగిసిన సాయంత్రం తెలుగువారి సభలో ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, మధ్యాహ్నం నుంచి ఎండలో నిలబడి ఫైనల్ చూసిన తల్లిదండ్రులకి, జెర్సీలు కూడా విప్పకుండా ముందు వరసలో కూర్చున్న పిల్లలకి నమస్కారాలు. కప్పు ఇవ్వడం, ఫొటోలు తీయడం అయిపోయాయి. ఇప్పుడు ఒక ఆటగాడి గురించి మాట్లాడమని పెద్దలు నాకు అవకాశం ఇచ్చారు. ఎవరి గురించి మాట్లాడాలన్నది నన్నే ఎంచుకోమన్నారు. నాకు ఆలోచించే పని పడలేదు.

పిల్లలూ, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం తరఫున చివరి గోలు వేసింది ఎవరు? మెస్సీ ఏ క్లబ్బులో ఎన్నేళ్ళు ఆడాడో అడిగితే గడగడా చెప్పేస్తారు. ఇది అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఏం ఫర్వాలేదు, చెప్తాను వినండి. 1960 రోమ్ ఒలింపిక్స్, పెరూతో మ్యాచ్. మనం 3-1తో ఓడిపోయాం. ఆ ఒక్క గోలూ వేసినవాడు తులసీదాస్ బలరాం. ఆ తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ గడప తొక్కలేదు. అంచేత ఆ గోలు ఇన్నేళ్ళుగా చివరి గోలుగానే ఉండిపోయింది.

బలరాం గారు 1936లో సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టారు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో పోయారు. ఇంట్లో వాళ్ళది తమిళం. వీధిలోకొస్తే తెలుగు, ఉర్దూ. ఆట నేర్చుకున్నది హైదరాబాద్‌లో, పేరు తెచ్చుకున్నది కలకత్తాలో. చివరిదాకా ఉన్నది కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో. ఇలాంటి మనిషిని మావాడు అని చెప్పుకోడానికి అందరికీ హక్కుంటుంది, కానీ గట్టిగా చెప్పుకునేవాళ్ళు తక్కువ. తమిళనాడు వాళ్ళకి ఆయన హైదరాబాదీ. హైదరాబాద్ వాళ్ళకి ఎప్పుడో కలకత్తా వెళ్ళిపోయినవాడు. బెంగాల్ వాళ్ళకి దక్షిణాది నుంచి వచ్చినవాడు.

ఈ సంగతి మనకి అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాదు. ఆయన పుట్టిన 1936లోనే, ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. మన పర్లాకిమిడి మద్రాసు రాష్ట్రం నుంచి ఇటు వచ్చింది. అప్పటి నుంచి మనం ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, సంతలో సవర పెద్దలతో వచ్చీరాని సవర మాట్లాడుతూ బతుకుతున్నాం. గిడుగు రామ్మూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకుని నిఘంటువు రాసిన ఊరు ఇది. ఒక్క భాషకే, ఒక్క గీతకే కట్టుబడకుండా బతకడం మనకి కొత్త కాదు. కాబట్టి బలరాంని తలుచుకునే బాధ్యత ఎవరూ తీసుకోకపోతే మనం తీసుకుందాం. ఇది నా మనసులో మాట.

అమ్ముగూడ కంటోన్మెంట్ పక్క ఊరు. చుట్టూ మిలిటరీ వాళ్ళ బారకాసులు, మైదానాలు. సైనికులు సాయంత్రంపూట ఫుట్‌బాల్ ఆడుతుంటే చూసి పెరిగిన పిల్లలు వాళ్ళు. బలరాం ఇల్లు బీద ఇల్లు. కొడుకు చదువుకుని ఉద్యోగం తెచ్చుకోవాలని తల్లి కోరిక. కుర్రాడి ధ్యాసంతా బంతి మీద. బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు వాడి పడేసిన పాత బూట్లు ఉంటే, వాటిని చెప్పులు కుట్టే అతని చేత ఆడే బూట్లుగా మార్పించుకుని వేసుకున్నారని చెప్తారు.

ఇప్పటి పిల్లలకి ఆ బూటు ఎలా ఉండేదో తెలియదు. నేను చెప్తాను, ఎందుకంటే దాదాపు అలాంటివే మా కాలం దాకా వచ్చాయి. తోలు దళసరిగా, ముందు భాగం కర్రలా గట్టిగా ఉండేది. చీలమండ దాకా కప్పేది. అడుగున స్టడ్లు ఇప్పటిలా ప్లాస్టిక్‌వి కావు. తోలు ముక్కలు నాలుగైదు దొంతరగా పెట్టి మేకులతో కొట్టేవారు. ఆడగా ఆడగా తోలు అరిగిపోయి మేకు మొన లోపలికి పొడుచుకొచ్చేది. మ్యాచ్ అయ్యాక బూటు విప్పితే మేజోడు రక్తంతో తడిసి ఉండేది. రాయి తీసుకుని మేకు మొన లోపలికి అణగ్గొట్టి, పైన గుడ్డముక్క వేసి, మర్నాడు మళ్ళీ అదే బూటు. వానలో తడిస్తే బరువెక్కిపోయేది, ఎండలో ఆరితే బిగుసుకుపోయేది. ఆముదం రాసి మెత్తబరిచేవాళ్ళం. బంతి సంగతీ అంతే. లోపల రబ్బరు బ్లాడరు, పైన తోలు, కట్టడానికి లేసు. తడిసిన బంతిని హెడ్ చేసినప్పుడు ఆ లేసు ముడి నుదుటికి తగిలిందంటే కళ్ళు బైర్లు కమ్మేవి. ఆ బూటుతో, ఆ బంతితో, రెండు కాళ్ళతోనూ సమానంగా ఆడినవాడు బలరాం.

మరి ఇంతటివాడు అమ్ముగూడ దాటి ఎలా బయటికొచ్చాడు? ఇక్కడే నేను ఇంకో మనిషి పేరు చెప్పాలి. సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవారు. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. బడిపంతులు. నాలాంటి పంతులు అని చెప్పుకోవాలని ఉంది కానీ ఆయన ఎక్కడ, మేమెక్కడ! 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా ఉన్నారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి ఆయనే కోచ్. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పుని 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు గెలిచింది. పోలీసు కానిస్టేబుళ్ళ జట్టు దేశంలోని మహామహా క్లబ్బులన్నిటినీ ఓడించింది.

రహీం సాబ్ ఎలా నేర్పేవారో పిల్లలు జాగ్రత్తగా వినాలి. ఆయన హైదరాబాద్‌లో కొన్ని వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి వచ్చిందా, వెంటనే ఇంకొకరికి అందించాలి. దాన్ని కాళ్ళ దగ్గర ఉంచుకుని ముగ్గుర్ని తప్పించి చప్పట్లు కొట్టించుకుంటానంటే కుదరదు. ఇంకో పోటీలో నీకు అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటంవాడు ఎడమకాలితో, ఎడమ వాటంవాడు కుడికాలితో. మొదట్లో ఎంత అవస్థగా ఉంటుందో ఒకసారి ఊహించండి. ఏడాది అలా ఆడాక ఆ కుర్రాడికి రెండు కాళ్ళూ వస్తాయి. పైగా బంతి అందకముందే ఎవరికివ్వాలో చూసుకునే అలవాటు వస్తుంది.

ఈరోజు ఫైనల్ సెకండాఫ్‌లో ఒకటి జరిగింది, పేరు చెప్పను. ఎడమవైపు నుంచి మన కుర్రాడు ఒకడు బంతి తీసుకుని బ్రహ్మాండంగా వెళ్ళాడు. ఇద్దర్ని తప్పించాడు. కుడివైపు తన జట్టువాడు ఒంటరిగా, చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. వీడు చూశాడు. చూసి కూడా మూడోవాడిని తప్పించబోయాడు. బంతి పోయింది. బాబూ, నువ్వు ఇక్కడే ఉన్నావు, నీ కాళ్ళలో ఉన్న విద్య నాకు ఎంతో నచ్చింది. రహీం సాబ్ దగ్గర అయితే నీకు మూడు నెలలు డ్రిబ్లింగ్ బంద్. ఆ మూడు నెలల తర్వాత నువ్వు ఎక్కడుండేవాడివో ఆలోచించు.

బలరాం సికింద్రాబాద్ వైపు మ్యాచ్‌లు ఆడుతుంటే రహీం సాబ్ కంట్లో పడ్డారు. శిక్షణ శిబిరానికి రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి హైదరాబాద్ మైదానం సుమారు పదిహేను కిలోమీటర్లు. రోజూ వెళ్ళి రావడానికి డబ్బులు లేవని కుర్రాడు చెప్పాడు. అప్పుడు రహీం సాబ్ ఏం చేశారంటే, సైకిల్ అద్దెకి డబ్బులు తనే ఇచ్చారు. ఆ అద్దె సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, ఆడి, మళ్ళీ తొక్కుకుంటూ ఇంటికి వెళ్ళేవారు బలరాం. నేను ఈ సంగతి ఎన్నోసార్లు ఎంతోమందికి చెప్పాను, మళ్ళీ చెప్తాను, నాకు విసుగు రాదు. ఎందుకంటే ఆ రోజు ఆయన "డబ్బుల్లేకపోతే నేనేం చేస్తాను, రాగలిగినవాళ్ళే వస్తారు" అనుకుని ఉంటే రోమ్‌లో ఆ గోలు లేదు, జకార్తా ఆసియా క్రీడల్లో ఆ బంగారం లేదు. అమ్ముగూడలో బాగా ఆడే కుర్రాడొకడు ఉండేవాడట అని ఆ ఊరివాళ్ళు నాలుగు రోజులు అనుకుని మరిచిపోయేవారు.

1956లో ఇరవై ఏళ్ళ వయసుకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్ళిన జట్టులో బలరాం ఉన్నారు. కోచ్ రహీం సాబే. అంతకుముందు 1952లో హెల్సింకిలో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. మనవాళ్ళు చాలామంది వట్టికాళ్ళతో ఆడిన రోజులవి. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్ళు తిరిగేసరికి అదే భారత్ మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ వేశాడు. సెమీఫైనల్‌కి చేరి నాలుగో స్థానంలో నిలిచాం. ఆసియా నుంచి ఒలింపిక్ సెమీఫైనల్ దాకా వెళ్ళిన మొదటి జట్టు మనదే. హైదరాబాద్ జట్టు రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది కూడా ఆ రోజుల్లోనే, వరసగా రెండేళ్ళు.

1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్ ఆయన్ని కలకత్తా తీసుకెళ్ళింది. కలకత్తా అంటే ఫుట్‌బాల్‌కి కాశీ. లీగ్ వర్షాకాలంలో జరిగేది. మోకాలి లోతు బురద, నీళ్ళల్లో తేలే బంతి, టికెట్ దొరకక చెట్లెక్కి చూసే జనం. దేశం ముక్కలయినప్పుడు తూర్పు బెంగాల్ నుంచి ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చిన లక్షలమందికి ఆ క్లబ్ ఒక్కటే తమదని చెప్పుకోడానికి మిగిలిన ఆస్తి. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఆ రోజు బజార్లో పులస చేప ధర పెరిగేది, దాని పోటీ క్లబ్ మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య ధర. అలాంటి చోటికి బెంగాలీ ఒక్క ముక్క రాని అమ్ముగూడ కుర్రాడు వెళ్ళాడు. 1961లో ఆ జట్టుకి కెప్టెన్ అయ్యాడు. ఆ ఏడాది లీగ్ గెలిపించాడు. 23 గోల్స్‌తో లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ వేసిందీ ఆయనే. కెప్టెన్సీ టెన్షన్ ఒకవైపు, గోల్స్ వేసే బరువు ఇంకోవైపు, రెండూ ఒకే ఏడాది మోశాడు.

ఆయన బెంగాల్ తరఫున కూడా సంతోష్ ట్రోఫీ గెలిచారు. రెండు రాష్ట్రాల తరఫున ఆ కప్పు ఎత్తినవాళ్ళు మన ఫుట్‌బాల్‌లో ఎంతమంది ఉంటారు చెప్పండి.

ఆ రోజుల్లో మూడు పేర్లు కలిపి చెప్పేవారు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం. చునీ మోహన్ బగాన్, పి.కె. ఈస్టర్న్ రైల్వే, బలరాం ఈస్ట్ బెంగాల్. ముగ్గురూ ఒకే క్లబ్‌లో ఎప్పుడూ ఆడలేదు. వారమంతా ఒకరినొకరు ఓడించుకునేవారు, దేశానికి ఆడేటప్పుడు ఒకటైపోయేవారు. ఈ మూడు పేర్లలో బలరాంది ఎప్పుడూ మూడోదే. నేను దీని గురించి చాలా ఆలోచించాను. నా ఉద్దేశంలో దానికి కారణం ఆయన ఆటలోనే ఉంది. చునీ ఎక్కడ ఆడతాడో అందరికీ తెలుసు, పి.కె. కుడి అంచున పరుగెత్తుతాడని తెలుసు. బలరాంని మాత్రం ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టేవారు. ఎడమ అంచున పెట్టినా ఆడేవాడు, లోపలికి తెచ్చినా ఆడేవాడు, ముందుకి పంపితే గోల్స్ వేసేవాడు. అవసరమైతే వెనక్కొచ్చి బంతి లాక్కుని మళ్ళీ ముందుకి పట్టుకెళ్ళేవాడు. అన్నిచోట్లా పనికొచ్చేవాడికి తనదంటూ ఒక చోటు మిగలదు. ఇళ్ళల్లో కూడా చూడండి, అందరి పనీ చేసే మనిషి పేరు చివర్లోనే గుర్తొస్తుంది. నన్నడిగితే ముగ్గురిలో కోచ్‌కి ఎక్కువ అవసరమైనవాడు బలరామే. ఎవరైనా కాదంటే సభ అయ్యాక కూర్చుని వాదించుకుందాం, నేను సిద్ధం.

రోమ్‌లో మన గ్రూపు చూడండి. హంగరీ, ఫ్రాన్స్, పెరూ. హంగరీ జట్టులో ఫ్లోరియాన్ ఆల్బర్ట్ ఉన్నాడు, తర్వాత 1967లో యూరప్‌లోనే ఉత్తమ ఆటగాడిగా బాలన్ డి ఓర్ అందుకున్నాడు. ఆ హంగరీ మీద మనం 2-1తో మాత్రమే ఓడాం. మన గోలు బలరాందే. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, పి.కె. గోలు. పెరూ మీద బలరాం గోలు. మూడు మ్యాచ్‌లు, మన గోల్స్ మూడు, అందులో రెండు బలరాంవి. హంగరీ ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఆ జట్టుకి చెమటలు పట్టించిన మనవాళ్ళు మన దేశంలో ఆడే మ్యాచ్‌లు అప్పట్లో 90 నిమిషాలు కూడా ఉండేవి కావని మీరు గుర్తుపెట్టుకోవాలి.

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడలు. రహీం సాబ్‌కి అప్పటికే కేన్సర్. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. అక్కడితో అయిపోయిందనుకున్నారు. తర్వాత థాయిలాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0. జపాన్ మీద పి.కె., బలరాం చెరో గోలు వేశారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంని 3-2తో దాటాం. ఫైనల్లో మళ్ళీ అదే కొరియా.

ఆ ఫైనల్ రోజు పరిస్థితి వేరు. ఆతిథ్యం ఇచ్చిన ఇండోనేషియా, ఇజ్రాయెల్, తైవాన్ జట్లని రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలు అనకూడదని మన దేశానికి చెందిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సభ్యుడు జి.డి. సోంధీ గట్టిగా అభ్యంతరం చెప్పారు. దాంతో జకార్తా అంతా భగ్గుమంది. మన ఎంబసీ మీద దాడి జరిగింది. సెప్టెంబర్ 4న స్టేడియంలో లక్షమంది దాకా జనం, వాళ్ళంతా మనకి వ్యతిరేకంగా అరుస్తున్నారు. మనవైపు అరిచింది ఎవరో తెలుసా? పాకిస్తాన్ హాకీ జట్టు వాళ్ళు. హాకీ ఫైనల్లో మనల్ని ఓడించిన ఆ ఆటగాళ్ళు వచ్చి మన ఫుట్‌బాల్ జట్టుకి మద్దతుగా నిలిచారు.

ముందు రోజు రాత్రి రహీం సాబ్ కుర్రాళ్ళని పిలిచి, రేపు నాకు మీ నుంచి ఒక కానుక కావాలి, బంగారు పతకం కావాలి అని అడిగారట. జట్టు పరిస్థితి చూస్తే జర్నైల్ సింగ్ తలకి కుట్లు పడి ఉన్నాయి. డిఫెండర్‌గా ఆడే ఆ మనిషిని కట్టుతోనే ముందుకి పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. గోల్‌కీపర్ తంగరాజ్‌కి జ్వరం. పి.కె. 17వ నిమిషంలో, జర్నైల్ సింగ్ 20వ నిమిషంలో గోల్స్ వేశారు. కొరియా ఆఖర్లో ఒకటి వేసింది. 2-1. బంగారం మనది. స్కోరుబోర్డు మీద బలరాం పేరు ఆ రోజు లేదు. ఆ రోజు ఆట గురించి చదివినప్పుడల్లా నాకు ఇదే తోస్తుంది: ముందున్నవాళ్ళకి బంతి చేరడానికి, వెనక ఖాళీలు పూడ్చడానికి పరుగెత్తే కాళ్ళు కావాలి, ఆ కాళ్ళు స్కోరుబోర్డుకెక్కవు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో, ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి వచ్చిన బంగారాలు ఈ రెండే. రెండిటికీ కోచ్ రహీం సాబ్. ఆయన 1963 జూన్ 11న పోయారు. బలరాంకి 1962లో అర్జున అవార్డు ఇచ్చారు.

ఆ తర్వాతి కథ తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే చెప్పాలంటే మనసొప్పదు. ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. 27 ఏళ్ళకే ఆట ఆపేయాల్సి వచ్చింది. ఇప్పుడైతే ఆ వయసులో ఆటగాడు అప్పుడే పదునెక్కుతున్నాడంటారు.

ఆపేముందు 1963లో ఆయన చేరిన జట్టు బీఎన్నార్. ఈ మాట వినగానే వెనక వరసలో కొందరు తాతగార్లు తలెత్తారు, నాకు కనిపించింది. అవును, మన బీఎన్నారే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. నౌపడా నుంచి మన ఊరికి, తర్వాత గుణుపురం దాకా వెళ్ళిన చిన్న రైలుబండిని మహారాజావారి కాలంలోనే తన చేతుల్లోకి తీసుకుని నడిపిన కంపెనీ. స్వతంత్రం వచ్చాక రైల్వేకి పేరు మారి సౌత్ ఈస్టర్న్ అయింది. ఫుట్‌బాల్ జట్టు మాత్రం పాత పేరే ఉంచుకుంది. మన ప్రాంతం నుంచి వాల్తేరు, ఖరగ్‌పూర్, కలకత్తా దాకా రైల్వేలో కూలీలుగా, ఫైర్‌మన్లుగా, గార్డులుగా వెళ్ళిన తెలుగువాళ్ళ జట్టు అది. అందులో అప్పలరాజు అని ఇంకో గొప్ప ఆటగాడున్నాడు. అప్పన్న పేరు పెట్టుకున్నవాడు ఏ వైపు మనిషో నేను మీకు వేరే చెప్పక్కర్లేదు. 1964లో ఇజ్రాయెల్‌లో జరిగిన ఆసియా కప్‌లో మనం దక్షిణ కొరియాని 2-0తో ఓడించినప్పుడు మొదటి గోలు అప్పలరాజుదే. ఆ కప్‌లో భారత్ రెండో స్థానంలో నిలిచింది. ఇప్పటివరకు ఆసియా కప్‌లో మన అత్యుత్తమ స్థానం అదే. 1963లో బీఎన్నార్ కలకత్తాలో జరిగే పేరున్న పోటీ ఐఎఫ్ఏ షీల్డ్ కూడా గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బుల నడుమ ఒక రైల్వే జట్టు ఆ షీల్డ్ ఎత్తడం చిన్న విషయం కాదు.

ఆట ఆగాక బలరాం రైల్వేలో ఉద్యోగం చేసుకుంటూ కుర్రాళ్ళకి నేర్పారు. పెళ్ళి చేసుకోలేదు. చునీ గోస్వామికి 1983లో, పి.కె. బెనర్జీకి 1990లో పద్మశ్రీ ఇచ్చారు. వాళ్ళిద్దరూ దానికి నూటికి నూరుపాళ్ళు తగినవాళ్ళు. బలరాంకి ఇవ్వలేదు. ఇది అన్యాయం. నేను పెద్దమాట వాడుతున్నానని కొందరికి అనిపించవచ్చు, అయినా ఇంతకంటే చిన్న మాట నాకు దొరకలేదు. ఆయనకీ ఆ బాధ ఉండేది, దాచుకోలేదు. 2020లో మార్చి 20న పి.కె., ఏప్రిల్ 30న చునీ పోయారు. ఆ తర్వాత దాదాపు మూడేళ్ళు ముగ్గురిలో ఆయన ఒక్కరే మిగిలారు.

ఆయన వదిలివెళ్ళింది ఏమిటని అడుగుతారు. విగ్రహాలు, స్టేడియం పేర్లు సర్కారు చేసే పనులు, చేస్తే సంతోషం. నాకు మాత్రం ఆయన కథలో ఆ అద్దె సైకిలే కనిపిస్తుంది. మన జిల్లాలో గుమ్మ, సెరంగో, మోహన కొండల మీది సవర పిల్లల్ని మీరు చూశారు కదా. ఈరోజు కూడా రెండు జట్లు అక్కడి నుంచే వచ్చాయి. చర్చి ముందు చదునుచేసిన నేలలో, వాలు మీద ఆడి ఆడి వాళ్ళ కాళ్ళకి ఎంత పట్టు వచ్చిందో! బంతి వాలులోకి జారిపోకుండా ఆపడం ఏ కోచ్ నేర్పాడు వాళ్ళకి? భువనేశ్వర్‌లో కళింగ స్టేడియం ఉంది. 2022లో ఆడపిల్లల అండర్-17 ప్రపంచ కప్ మ్యాచ్‌లు అక్కడ జరిగాయి. మన రాష్ట్ర జట్టు ఒడిశా ఎఫ్‌సీ 2023లో సూపర్ కప్ గెలిచింది. తలుపులు తెరిచే ఉన్నాయి. కానీ సెరంగో నుంచి ఆ తలుపు దాకా వెళ్ళాలంటే తెల్లారుజామున జీపు, పర్లాకిమిడి నుంచి బస్సు, బరంపురం నుంచి రైలు, అక్కడ రాత్రి బస, తిండి. తోడు వెళ్ళే పెద్దమనిషికి ఆ రోజు కూలి పోతుంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు సెలెక్షన్ కాగితం చేతిలో పెట్టుకుని కూడా వెళ్ళలేకపోయిన పిల్లల్ని చూశాను. ఒక కుర్రాడు ఆ కాగితాన్ని మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, "సార్, నాన్న వరి కోతలకి రమ్మన్నాడు" అన్నాడు. ఇప్పుడతను ఎక్కడో విశాఖపట్నం వైపు కాంక్రీటు పనిలో ఉన్నాడని విన్నాను. వాడి ఎడమకాలు మీరు చూసి ఉండాలి.

కాబట్టి నేను ఈ సభని ఒక్కటే కోరుతున్నాను. మనం కప్పుల మీద పెట్టే ఖర్చు తగ్గిద్దాం. ఈరోజు మూడు కప్పులు ఇచ్చాం, ఒకటి సరిపోతుంది. మిగిలిన డబ్బుతో, దానికి మన వర్తకులూ, ఉద్యోగం చేస్తున్నవాళ్ళూ, రిటైరైనవాళ్ళూ కలిపి వేసే డబ్బుతో ఒక నిధి పెడదాం. ఆ నిధి ఒకే పని చెయ్యాలి. సెలెక్షన్‌కి పిలుపు వచ్చిన పిల్లకి గానీ పిల్లాడికి గానీ, వాళ్ళతో వెళ్ళే ఒక పెద్దకి కూడా దారిఖర్చు ఇవ్వాలి. తెలుగు పిల్లా, ఒడియా పిల్లా, సవర పిల్లా అని అడగకూడదు. దరఖాస్తు రాయించి నెల తిప్పించకూడదు. పిలుపు కాగితం చూపిస్తే ఆ రోజే డబ్బు చేతిలో పెట్టాలి. నా పెన్షన్‌లోంచి మొదటి భాగం నేను ఇప్పుడే కార్యదర్శి గారికి అందిస్తున్నాను.

ఇంకో విషయం. కొత్త బూట్లు కావలసిన పిల్లలు సభ అయిపోగానే ఆ ఎడమవైపు బల్ల దగ్గరికి వెళ్ళండి. అక్కడ కాగితం, పెన్సిల్ ఉన్నాయి. కాగితం నేల మీద పెట్టి, దాని మీద పాదం ఉంచి, చుట్టూ గీత గీయించుకోండి. రెండు పాదాలూ గీయించుకోండి, చాలామందికి ఒక పాదం కొంచెం పెద్దదిగా ఉంటుంది. పక్కన పేరు, ఊరు, వయసు రాయించండి. ఆడపిల్లలు వెనక నిలబడొద్దు, ముందు మీ కొలతలే తీసుకోమని చెప్పాను.